మా వదిన చంద్రుడు

హాస్టల్, ఆఫీసు గది

వదినకు నమస్కారాలు.

మీరు క్షేమమని తలుస్తాను. ఇక్కడ మీ తమ్ముడు బాగున్నారు, డిపోలో ఆయన బాగుచేసే బస్సులూ బాగున్నాయి. బాగులేనిది నేనొక్కదాన్నే. కాలేజీలో ఖగోళశాస్త్రం చదువుతున్నాను.

నవ్వకండి. నిన్న ఫోనులో ఇదే చెప్పబోయాను. మీరు “గట్టిగా చెప్పవే, గట్టిగా” అంటూనే ఉన్నారు. నా గొంతులో ఉన్నదంతా పెట్టి చెప్పాను. మీకు వినపడలేదు కానీ పక్క గదిలో పిల్లలందరికీ వినపడింది. అప్పటి నుంచి నా వెనక “వార్డెన్ ఆంటీ చుక్కలు లెక్కపెడుతోంది” అని ఒకటే కిచకిచలు. అందుకని మన పాత పద్ధతే మేలనుకుని ఉత్తరం రాస్తున్నాను.

ఈ వయసులో ఈ పిచ్చి ఏమిటంటారేమో. నాకు మాత్రం సరదానా? ఇన్నేళ్ళుగా తాత్కాలిక వార్డెన్ని. ఈ ఏడాది చివరికి డిగ్రీ చేతికొస్తే ఉద్యోగం ఖాయం చేస్తామనీ, రాకపోతే డిగ్రీ ఉన్న మనిషిని తెస్తామనీ కమిటీవారు తేల్చి చెప్పారు. ఆ మనిషి వస్తే నేను మళ్ళీ స్టోరు గది తాళాల దగ్గరికి పోవాలి. సాయంకాలం కాలేజీలో అన్ని పేపర్లూ ఎలాగో దాటాను. ఒక్క సైన్సు పేపరు మిగిలింది. మిగతా సైన్సులకి పగటిపూట లాబ్ ఉంటుంది, పగలు నాకు పిల్లలు. ఆకాశానికి లాబ్ ఉండదు కదా అని ఇందులో చేరాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది. దీనికి ఆకాశమే లాబ్ అట!

మా లెక్చరర్ మేడమ్ చిన్నపిల్ల. మంచి పిల్లే. కానీ “ఇది చాలా సింపులండీ” అంటుంది, అని బోర్డు ఈ చివర నుంచి ఆ చివర దాకా నింపేస్తుంది. “ఏమన్నా సందేహాలున్నాయా?” అంటుంది. ఉన్నాయని నేనంటాను. నా మాట ముందు బెంచీ కూడా దాటదు. “లేవన్నమాట, గుడ్” అని తుడిచేస్తుంది. దేవుడు వీటన్నిటినీ మాట మాత్రంగా చేశాడని నమ్మినదాన్ని, వాటి బరువులూ దూరాలూ బట్టీ పట్టి ఆయనకే అప్పజెప్పుతున్నట్టుంది నా బతుకు.

ఇప్పుడు మీతో పని పడింది. జోడీ పరిశీలన అని ఒకటి ఇచ్చారు. ఒక అమావాస్య నుంచి ఇంకో అమావాస్య దాకా నేనిక్కడ చంద్రుణ్ణి చూసి, కాగితం మీద గుండ్రం గీసి, ఎటువైపు ఎంత వెలుగుందో వెయ్యాలి. వేరే ఊళ్ళో ఉన్న నా జోడీ అక్కడ చూసి వెయ్యాలి. ఒకరి బొమ్మ ఒకరు చూడకూడదు. ఇద్దరివీ మేడమ్ దగ్గరే విప్పాలి. ఈ పనికి ఇచ్చే మార్కులు రాకపోతే ఉత్త పరీక్షతో నేను గట్టెక్కలేను.

జోడీగా మిమ్మల్ని రాసిచ్చాను. అడగకుండా రాసినందుకు తిట్టండి, కానీ కాదనకండి. మీ మేడ మీది నుంచి పడమర దిక్కు ఏ అడ్డూ లేకుండా కనపడుతుంది. మెట్లు నెమ్మదిగా ఎక్కండి.

మీ మరదలు


వరండా, సాయంత్రం

గుసగుసమ్మకి ఆశీస్సులు.

ఉత్తరం అందింది. ఊరందరి మాటలూ చెవిలో పోసుకుని టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఉద్యోగం చేసినదాన్ని. ఆ చెవి ఇవాళ నీ ఒక్క మాట పట్టుకోలేకపోయిందంటే తప్పు చెవిదా, గొంతుదా? నువ్వు మాట్లాడితే దేవుడికి తప్ప ఎవరికీ వినపడదు. ఆయనైనా చెవి ఒగ్గి వింటాడో, వినపడినట్టు తల ఊపుతాడో!

చంద్రుణ్ణి చూడాలా? చూస్తాను. రిటైరైనదాన్ని, ఆకాశం కన్నా ఖాళీగా ఉన్నాను. పక్కింటి టైలరమ్మ “మీకెందుకండీ ఈ వయసులో మేడలెక్కడం” అంది. “నా మరదలు ఈ వయసులో కాలేజీ ఎక్కలేదా?” అన్నాను. నోరు మూసుకుని కుట్టుమిషను తొక్కుకుంది.

ఒక్క మాట. పెన్సిల్‌తో వెయ్యమని రూలు ఉంటే ఇప్పుడే చెప్పు, మానేస్తాను. పెన్సిల్ పట్టేవాళ్ళకి మాట మార్చే ఉద్దేశం ఉన్నట్టే. నేను వేసినా రాసినా పెన్నుతోనే.

నీ మొగుడు భోజనం చేసిన కంచం తీస్తున్నాడా, ఇంకా వదిలేసి లేస్తున్నాడా? వాణ్ణి చెడగొట్టింది మా అమ్మ. మిగిలింది నువ్వు పూర్తి చేశావు.

నీ వదిన


హాస్టల్, మేడ మెట్ల మీద

వదినకు నమస్కారాలు.

నెలవంకను చూశాను. చూశాననడం కంటే వేటాడాననడం సబబు. ఆ వేళకి పిల్లల హాజరు. సగం పేర్లు పిలిచి, “ఇప్పుడే వస్తా”నని మేడ మీదికి పరుగెత్తాను. ఆరేసిన దుప్పట్ల మధ్య నుంచి తొంగిచూస్తే వాటర్ ట్యాంకు పక్కన సన్నగా, గోరు గిల్లినట్టు ఉన్నాడు. గుండ్రం గీసి వంక వేసేలోగా ట్యాంకు వెనక్కి పోయాడు. కిందికొస్తే మిగతా సగం పేర్లవాళ్ళు హాజరు లేకుండానే వెళ్ళిపోయారు.

మీ తమ్ముడి సంగతి అడగండి. ఇంటి దగ్గరి నుంచి కూడా చూద్దామని సెలవు రోజు పిలిచాను. వచ్చారు. చూశారు. “చంద్రుడే” అన్నారు. లోపలికెళ్ళిపోయారు. ఇంత చదువూ ఆయన ఒక్క మాటలో ముగించేశారు.

అన్నట్టు, వచ్చే ఆదివారం డిపో పని మీద పొరుగూరు వెళ్ళాలన్నారు. ఆదివారం నాడు ఏ బస్సుకి అంత తొందరో నాకు తెలీదు.

మీరు కూడా మొదటి రోజు చూసే ఉంటారు. ఎలా ఉన్నాడని అడగకూడదు, రూలు. మీరెలా ఉన్నారని అడగొచ్చు. ఎలా ఉన్నారు?

మీ మరదలు


వరండా

గుసగుసమ్మకి.

బాగున్నాను. నాకేం?

మొదటి రోజు మేడ ఎక్కి చూశాను. తర్వాతి రోజుల్లోనూ చూస్తున్నాను. బొమ్మలు విడిగా కవరులో అంటించి ఉంచుతున్నాను. నడినెత్తిన ఉన్నప్పుడు చూడలేక, అతగాడు కిందికి దిగాక వేస్తున్నాను. మెడ నొప్పి.

పెన్సిల్ చూసి కనుబొమలు ఎగరెయ్యకు. పెన్నులో సిరా అయిపోయింది.

చలిగాలికి బయట తిరగడం తగ్గించాను. ఉత్తరాలు టైలరమ్మ పోస్టులో వేస్తోంది. కవరు మీద ఆవిడ రాత కోడి కెలికినట్టుంటుంది, సర్దుకో.

బాగా చదువు. మిగతా లోకం దాని పని అది చేసుకుంటుంది.

వదిన


ఇల్లు, వంటగది బల్ల

వదినకు నమస్కారాలు.

మీ ఉత్తరం చూసి, వెనక పేజీ ఉందేమోనని తిరగేశాను. లేదు. మీ చేత్తో అంత చిన్న ఉత్తరం ఎప్పుడూ అందుకోలేదు. పెన్నులో సిరా అయిపోతే మీ వీధి చివర కొట్టు కూడా అయిపోయిందా?

ఇక్కడ నాకు తిక్క పుట్టించే పనులు చాలవన్నట్టు ఇంట్లో వస్తువులు మాయమవుతున్నాయి. నా మెత్తటి దిండు లేదు. వేడినీళ్ళ సంచి లేదు. మీ తమ్ముణ్ణి అడిగితే “డిపోలో ఒకాయనకి నడుం పట్టేసింది, ఇచ్చాను” అన్నారు. ఏ ఒకాయన అంటే దగ్గారు. ఆదివారం ఆదివారం ఆ పొరుగూరి బస్సు మళ్ళీ మళ్ళీ చెడిపోతోంది. బాగుచేయడం ఈయనకి చేతకావడం లేదా, చెడిపోవడం దానికి అలవాటైపోయిందా?

క్లాసులో నక్షత్రాల చావు గురించి చెప్పారు. పెద్ద నక్షత్రం తొందరగా కాలిపోతుందట, చిన్నది నిదానంగా కాలుతూ ఎంతోకాలం ఉంటుందట. ఈ ఒక్కటి నాకు వెంటనే అర్థమైంది. మీరూ నేనూ గుర్తొచ్చాం. చెప్పానని కోపం తెచ్చుకోకండి.

చదివినదల్లా ఒక చెవిన పెడితే రెండో చెవి నుంచి పోతోంది. పొద్దున్నే దేవుడి ముందు కూర్చుని, “స్వామీ, చేసినవాడివి నువ్వు, నీకు కష్టమనిపించలేదు, చదవడం నాకెందుకింత కష్టం?” అంటాను. మా మేడమ్‌కిలాగే నా ప్రశ్న ఆయనకీ వినపడలేదేమో.

మీ మరదలు


వరండా

గుసగుసమ్మకి.

దిండు పోతే దిండు కొనుక్కో. మొగుణ్ణి దొంగలా నిలదియ్యకు.

పెద్ద నక్షత్రం ఎవరో చిన్న నక్షత్రం ఎవరో నాకు అర్థమైంది. కాలిపోయే లోపు నీ సంగతి చూస్తాను.

పున్నమి నాడు మాకు మబ్బు. చంద్రుడు కనపడలేదు. మిగతా రోజులవి వేశాను. అమావాస్య అయ్యాక కవరు పంపుతాను.

వదిన


హాస్టల్, ఆఫీసు గది

వదినకు నమస్కారాలు.

ఈ ఉత్తరం రాసే ముందు దేవుడి దగ్గర చాలాసేపు కూర్చున్నాను, కోపం తగ్గుతుందేమోనని. తగ్గలేదు. నాకు మీ మీద కోపం వచ్చింది అని రాయడానికే మొహమాటంగా ఉంది. కానీ వచ్చింది.

మీ కవరు మేడమ్ ముందే విప్పాం. అందరి జోడీలవీ ఒక్కటిగా కలిశాయి. మనవి విప్పి పక్కపక్కన పెట్టింది. మొదటి రోజు బొమ్మ నాదీ మీదీ ఒకలాగే ఉంది, కుడివైపు వెలుగు. రెండో రోజు నుంచి నాది కుడి, మీది ఎడమ. ఆ నెల పొడుగునా మీరు ఎటు వేశారో నేను దానికి ఎదురు వేశాను. మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుని, “మీ జోడీ మొదటి రోజు మన దగ్గర ఉండి, మర్నాడు భూగోళానికి అటుపక్కకి వెళ్ళిపోయారాండీ?” అంది. క్లాసు క్లాసంతా నవ్వింది. అటుపక్క దక్షిణపు దేశాల వాళ్ళకి చంద్రుడు అలా తిరగబడి కనపడతాడట. మీరున్నది బస్సెక్కితే మధ్యాహ్నానికి చేరే ఊరు.

అంతటితో అయిందా? పున్నమి నాడు మబ్బని రాశారు. మీ ఊరి పిల్ల ఒకతి ఇక్కడ హాస్టల్లో ఉంది. ఆ సాయంత్రం అది మీ ఊళ్ళోనే ఉంది. మచ్చుకైనా మబ్బు లేదని, మేడ మీద వెన్నెల్లో పుస్తకం చదివానని చెప్పింది.

చూడబుద్ధి కాకపోతే ఒక్క మాట రాయాల్సింది. నేను ఇంకొకర్ని వెతుక్కునేదాన్ని. చూడకుండా తోచినట్టు వేసి పంపడం మీ పద్ధతి కాదు. మీరు నన్ను ఎన్ని మాటలన్నా పడ్డాను కానీ, మీ మాట అబద్ధమని ఎన్నడూ అనుకోలేదు.

మేడమ్ ఒక దారి వదిలింది. “తేడా ఎందుకొచ్చిందో పరీక్ష లోపల కారణం రాసి తెస్తే తీసుకుంటాను. లేకపోతే కష్టమండీ” అంది. కారణం మీ దగ్గరే ఉంది. దయచేసి రాయండి.

మీ మరదలు


వరండా

మరదలికి.

గుసగుసలాడే మనిషి ఉత్తరంలో ఇంత గొంతు చించుకుంటుందని నాకు తెలీదు. సంతోషం.

నేను చూసింది చూసినట్టు వేశాను. కుడి ఎడమలు తెలియనిదాన్నా? ఎక్స్‌ఛేంజిలో ఒక తీగ అటుది ఇటు గుచ్చితే ఒకడి పెళ్ళాం ఇంకొకడితో సంసారం సంగతులు మాట్లాడేది. ఒక్కసారి కూడా అలా గుచ్చలేదు నేను. ఎటు వెలుగు కనపడిందో అటే నా చెయ్యి పోయింది. నీ మేడమ్‌కి చెప్పు, ఆ నెల చంద్రుడే తప్పొచ్చి ఉంటాడని.

పున్నమి సంగతి ఒప్పుకుంటాను. మబ్బు లేదు. ఆ పూట చూడటం కుదరలేదు. ఎందుకు కుదరలేదని అడక్కు.

ఇంకేం కారణం రాయను? నాకు తెలిస్తే కదా! నువ్వు నమ్మితే నమ్ము, లేకపోతే మానెయ్.

వదిన


హాస్టల్, ఆఫీసు గది

వదినకు.

ఈ ఉత్తరం పోస్టులో వెయ్యను. రేపు పొద్దున్న మొదటి బస్సుకి వచ్చి నేనే మీ చేతిలో పెడతాను. నోటితో చెబితే మీకు వినపడదు. గట్టిగా చెప్పబోతే నాకు ఏడుపొస్తుంది. అందుకని చదువుకోండి.

ఇవాళ సంధ్యవేళ కాలేజీ మేడ మీద దూరదర్శిని పెట్టారు. మళ్ళీ నెలవంక రోజులు కదా. అందరం వరసలో నిలబడ్డాం. నా వంతు వచ్చేలోపు ఉత్త కళ్ళతో చూసుకున్నాను, పడమర దిక్కున, కుడివైపు వెలుగుతో. తర్వాత వంగి గొట్టంలో చూశాను. ఎడమవైపు వెలుగు.

కన్ను తీసి ఆకాశంలో చూశాను. కుడి. మళ్ళీ గొట్టంలో చూశాను. ఎడమ.

“ఇది మా వదిన చంద్రుడు” అన్నాను.

ఎలా అన్నానో కానీ, వరసంతా వినపడింది. మేడమ్ దగ్గరికొచ్చి, “అదాండీ, చాలా సింపుల్. గొట్టం చివర మనం కన్ను పెట్టేచోట చిన్న అద్దం ఉంటుంది. అద్దంలో ఎడమ కుడి అవుతుంది కదా” అంది. ఇన్నాళ్ళలో ఆమె సింపుల్ అన్నది నాకు నిజంగా సింపుల్‌గా అర్థమైంది ఇదొక్కటే. వెనకవాళ్ళు “ఆంటీ, జరగండి” అంటున్నారు. నేను ఇంకోసారి గొట్టంలోకి వంగాను.

మీ పడమటి గదిలో కిటికీ కింద మంచం. మంచానికి ఎదురుగా బీరువా. బీరువాకి నిలువెత్తు అద్దం. మంచం మీద వెల్లకిలా పడుకున్నవాళ్ళకి తల వెనక కిటికీ కనపడదు. ఎదురుగా అద్దంలో కిటికీ, అందులో పడమటి ఆకాశం కనపడతాయి. మీరు వేసింది ఆ చంద్రుణ్ణి. పున్నమి చంద్రుడు సాయంత్రం తూర్పున వస్తాడు, తెల్లవారబోయేదాకా పడమటి కిటికీలోకి దిగడు, ఆ వేళకి మీరు నిద్రలో ఉంటారు. అందుకని “మబ్బు”.

చూసింది చూసినట్టు వేశారు. మిమ్మల్ని అబద్ధమాడారన్నందుకు క్షమించండి. కానీ వరండా అని పైన రాశారే, అది మాత్రం అబద్ధం.

పెన్ను పైకి పట్టుకుని రాస్తే సిరా దిగదు. పడుకుని రాసేవాళ్ళకి పెన్సిలే గతి. నా దిండు ఎక్కడుందో తెలిసింది. ప్రతి ఆదివారం చెడిపోయే బస్సు ఏ ఊళ్ళో ఉందో తెలిసింది. ఇంటికెళ్ళి మీ తమ్ముణ్ణి అడిగాను. “నేనేం చెప్పలేదు, నువ్వే కనిపెట్టావు, అక్కకి అదే చెప్పు” అన్నారు. ముందు తన ఒట్టు భద్రంగా ఉందో లేదో చూసుకున్నారు. మీ అక్కాతమ్ముళ్ళతో నేను వేగలేను.

మొదటి రోజు బొమ్మ మాత్రం సరిగ్గా ఉంది. అంటే ఆ సాయంత్రం మీరు మేడ ఎక్కారు. మర్నాటికి మంచంలో ఉన్నారు. మధ్యలో ఏమైందో నేను ఊహించలేక కాదు. మీరే చెప్పండి.

మీ మరదలు


అదే కాగితం వెనక, పడమటి గది నుంచి. అబద్ధం కాదు, పడక మీది నుంచే.

మరదలికి.

నువ్వు గుమ్మంలోకి రాగానే సంచి కింద పడేసి ఈ కాగితం నా మొహాన పెట్టావు. ఇప్పుడు అక్కడ కుర్చీలో కూర్చుని ముక్కు చీదుతూ నన్నే చూస్తున్నావు. అలా చూస్తే రాయలేను. వెళ్ళి మొహం కడుక్కో.

మేడ దిగుతున్నాను. చేతిలో కాగితం, దాని మీద నీ చంద్రుడు. బాగా కుదిరాడా లేదా అని ఇంకోసారి పైకి చూశాను. పైకి చూసినవాళ్ళకి కింద మెట్టు కనపడదు. తుంటి దగ్గర ఎముక విరిగింది. కట్టు వేసి, కదలొద్దన్నారు డాక్టర్లు. టైలరమ్మ మిషను ఇక్కడికే తెచ్చుకుని నా మంచం పక్కన కుడుతోంది. దాని చప్పుడు ఒక్కటి మాత్రం నాకు చక్కగా వినపడుతుంది, ఏం కర్మో!

ఎందుకు చెప్పలేదంటావా? చెబితే ఏం చేస్తావో ఇప్పుడు చేసి చూపించావు కదా. పరీక్ష ముంగిట్లో పుస్తకాలు వదిలి బస్సెక్కావు. మా అమ్మ మంచం పట్టినప్పుడు నీ చదువు హైస్కూలు దగ్గరే ఆగింది. నోరు తెరిచి ఒక్క మాట అనలేదు నువ్వు. అన్నా ఎవరికీ వినపడేది కాదులే. ఇన్నేళ్ళకి మళ్ళీ మొదలుపెట్టావు. ఇప్పుడు అమ్మ కూతురు మంచం పట్టి రెండోసారి ఆపాలా? ఆ పాపం నాకొద్దు. అందుకని నీ మొగుడి చేత ఒట్టు వేయించాను.

అద్దం సంగతి మాత్రం నిజంగా తట్టలేదు. జన్మంతా అద్దంలో మొహం చూసుకున్నదాన్నే. రెండువైపులా ఒకలాగే ముడతలు పడ్డాయి, ఎటుది ఎటైనా తేడా తెలీలేదు.

ఇప్పుడు విను. ఉండు, కానీ పరీక్ష నాటికి వెళ్ళు. పుస్తకం తెచ్చావా? తేకపోతే ఈ పూటే వెనక్కి తోలేస్తాను, కాలు కదలకపోయినా.

వదిన


హాస్టల్, ఆఫీసు గది

వదినకు నమస్కారాలు.

పరీక్ష రాశాను. దేవుడి దయ, మీ కేకల దయ. ప్రశ్నపత్రం చూడగానే ముందు మీ గొంతు వినపడింది. “సూర్యుడి చుట్టూ తిరిగేది ఏదే? గట్టిగా చెప్పు!” అని మీరు మంచం మీది నుంచి అరవడం, నేను చెప్పడం, మీకు వినపడక మళ్ళీ అడగడం, మిషను దగ్గరి నుంచి టైలరమ్మ జవాబు అందివ్వడం. మీ వీధిలో ఇప్పుడు ఈ పేపరు ఎవరు రాసినా పాసవుతారు.

జోడీ పరిశీలనకి కారణం రాసి ఇచ్చాను. మంచం ఎక్కడ, కిటికీ ఎక్కడ, బీరువా ఎక్కడ, అన్నీ గీసి చూపించాను. మేడమ్ నిలబడే చదివింది. చదివి, “ఆవిడ ఎలా ఉన్నారండీ?” అంది. మార్కుల మాట ఆ తర్వాత ఎత్తింది. పున్నమి బొమ్మ లేదు కాబట్టీ, నేరుగా చూసినవి కావు కాబట్టీ పూర్తి మార్కులు ఇవ్వలేదు. ఇవ్వగలిగినవి ఇచ్చింది. అడిగి పెంచుకోవాలనిపించలేదు.

ఫలితం ఇవాళ వచ్చింది. గట్టెక్కాను. పొడిగా కాదు, తడి బట్టలతో. కమిటీవారు “సరే” అన్నారు. అంత చిన్న మాట కోసం ఇంత ఆకాశం తిరిగొచ్చాను. పిల్లలు తలుపు మీది బోర్డులో ‘తాత్కాలిక’ అన్న మాటని సున్నం పూసి చెరిపారు. సున్నం వార్డెన్ అన్న మాట మీదికి కూడా పాకింది. ఇప్పుడు ఆ తలుపు వెనక ఎవరున్నారో ఎవరికీ తెలీదు.

మీ తమ్ముడికి చెబితే “పాసే” అన్నారు. కంచం మాత్రం తీశారు.

కట్టు విప్పుతామన్న రోజు దగ్గరపడింది కదా. ఏం చెప్పారో రాయండి. దాచకుండా రాయండి. ఇక దాచితే నేను కనిపెట్టేస్తాను, పాసైనదాన్ని.

మీ మరదలు


వరండా, సాయంత్రం

గుసగుసమ్మకి ఆశీస్సులు.

నిజంగా వరండానే. నమ్మకపోతే టైలరమ్మని అడుగు. ఆవిడ నా రెండో పక్కన కర్రలా నిలబడింది, మొదటి పక్కన అసలు కర్ర ఉంది. కట్టు విప్పారు. నాలుగడుగులు వెయ్యమన్నారు. వేశాను. నలుగురి చేత తిట్లు తిన్నట్టుంది, కానీ వేశాను.

నువ్వు వెళ్ళేటప్పుడు మంచం తిప్పి, కిటికీ ఎదురుగా వచ్చేలా వేసి వెళ్ళావు. అప్పటి నుంచి అతగాణ్ణి నేరుగానే చూస్తున్నాను. కుడివైపే వెలుగుతున్నాడు, బుద్ధిగా. అయినా ఒక మాట చెప్పనా? ఆ అద్దంలో వాడే నాకు అలవాటయ్యాడు. అన్ని రోజులు తోడున్నది వాడే.

ఇవాళ పున్నమి. అప్పుడు ఎగ్గొట్టానే, ఆ బాకీ తీరుద్దామని ఇంటి ముందు వైపు వరండాలోకి వచ్చి కూర్చున్నాను. ఎదురింటి మేడ మీది నుంచి లేచాడు. నిండుగా, పచ్చగా. ఇంత పెద్దవాణ్ణి మబ్బు అని ఒక్క ముక్కలో కొట్టేశానా అని సిగ్గేసింది. కింద గుండ్రం గీశాను. లోపల ఏమీ నింపలేదు, అంతా వెలుగే. మార్కులు వెయ్యకపోయినా సరే, నీ మేడమ్‌కి చూపించు.

నువ్వు గట్టెక్కానని రాసిన మాట టైలరమ్మ చేత గట్టిగా మూడుసార్లు చదివించుకున్నాను. మొదటిసారే వినపడింది.

ఈ ఇంట్లో నువ్వున్న ఆ కొద్ది రోజులూ నీ మాట ఒక్కటి కూడా నాకు సరిగ్గా వినపడలేదు. నువ్వెళ్ళాక ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉందేమిటో నాకు అర్థం కావడం లేదు.

పిల్లలకి సెలవులిచ్చాక వచ్చి ఉండు. పని ఉందని కాదు. చూడాలని ఉంది.

పెన్నుతో రాస్తున్నాను, చూసుకో.

నీ వదిన